భూమి లోపలికి ఎవరూ వెళ్లలేదు కదా, పలకలు కదులుతున్నాయని ఎలా చెప్పగలుగుతున్నారు?

మీరు రెండు సందేహాలు అడిగారు. భూమి లోపలికి ఎవరూ వెళ్లి చూడనప్పుడు అక్కడ పొరలున్నాయనీ, పైన పలకలు, అంటే భూమి పైభాగంలోని పెద్ద రాతి ముక్కలు, కదులుతున్నాయనీ ఎలా నమ్మాలన్నది మొదటిది. పలకల అంచు ఎక్కడో హిమాలయాల దగ్గర ఉంటే 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో భూకంపం ఎందుకు వచ్చిందన్నది రెండవది. గోదావరి లోయ బొగ్గు క్షేత్రాల్లో చాలాకాలం అన్వేషణ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి, నేను చేతితో పట్టుకుని చూసిన రాళ్ల నుంచే మొదలుపెడతాను.

బొగ్గు ఎంత లోతున, ఎంత మందాన ఉందో తెలుసుకోవడానికి మేము డ్రిల్లింగ్ చేసి, బయటికి తీసిన రాతి కోర్‌లను పెట్టెల్లో వరుసగా పేర్చి, పై నుంచి కిందిదాకా పరిశీలించి నమోదు చేసేవాళ్లం. బొగ్గు పొరలను ఆనుకుని ఉండే షేల్ రాయిని పొర వెంబడి చీలిస్తే, నాలుక ఆకారంలో, నడుమ ఒక గట్టి ఈనెతో ఉన్న ఆకుల ముద్రలు కనిపించేవి. అది గ్లోసాప్టెరిస్ అనే అంతరించిపోయిన వృక్షజాతి. 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన మన గోదావరి బొగ్గు ఆ కాలపు అడవుల నుంచి ఏర్పడినదే. దక్షిణ ధ్రువం చేరి, తిరుగు ప్రయాణంలో 1912లో ప్రాణాలు కోల్పోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా వదలకుండా మోసుకొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఇదే ఆకు ఉంది. దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో కూడా ఇది దొరుకుతుంది. ఇంత దూరంగా ఉన్న నేలల్లో ఒకే మొక్క దొరకడం అవన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి సాక్ష్యం.

అయితే నా దృష్టిలో ఆకు కన్నా బలమైన సాక్ష్యం బొగ్గుకు అడుగున ఉండే తాల్చేరు శిలల్లో ఉంది. సన్నని బురద గట్టిపడిన రాతిలో గులకరాళ్ల నుంచి పెద్ద బండల వరకు అన్ని పరిమాణాల రాళ్లూ అక్కడ కలగలిసి ఉంటాయి. ఏరు మోసుకొచ్చిన రాళ్లయితే బరువును బట్టి వేరుపడతాయి. ఇలా కలిపి మోసుకొచ్చి, కరిగినచోట కుప్పగా వదిలేసేది హిమానీనదం. వేసవిలో నిప్పులు చెరిగే రామగుండం ప్రాంతపు లోయ అడుగున మంచు వదిలిపోయిన రాళ్లు ఉన్నాయంటే, ఆ నేల ఒకప్పుడు దక్షిణ ధ్రువానికి దగ్గరలో ఉండేదన్న వివరణ తప్ప వేరేది నిలబడదు. ఇలాంటి సాక్ష్యాలతోనే 1912లో ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదిలాయని ప్రతిపాదించాడు, కానీ వాటిని కదిలించే బలమేదో చూపలేకపోవడంతో ఆ మాటను చాలామంది అంగీకరించలేదు. ఖండాలపై 400 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు ఉండగా సముద్రపు అడుగున ఎక్కువ భాగం 20 కోట్ల ఏళ్ల లోపుదేనని, అది సముద్ర మధ్య పర్వతశ్రేణుల వద్ద నిరంతరం కొత్తగా పుడుతోందని 1960ల తరవాత తేలినప్పుడే పరిస్థితి మారింది.

ఇక భూమి లోపలి సంగతి. మనిషి తవ్విన అత్యంత లోతైన బోరు రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. దాని లోతు 12,262 మీటర్లు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు కాబట్టి, మనం పైపొరను కూడా పూర్తిగా దాటలేదు. అంతకు కింద ఉన్నది ఎక్కువగా భూకంప తరంగాల వల్లనే తెలిసింది. దీనికి పునాది మన దేశంలో పడిందన్న విషయం పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. 1897 జూన్ 12న అస్సాంను కుదిపేసిన మహా భూకంపాన్ని అధ్యయనం చేసిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్, భూకంపలేఖినిపై ముందుగా చేరే పి తరంగాలను, తరవాత చేరే ఎస్ తరంగాలను, ఆ పైన ఉపరితల తరంగాలను వేరుగా గుర్తించాడు. 1906లో ఆయనే ఆ తరంగాల ఆలస్యాన్ని బట్టి భూమికి ఒక ప్రత్యేకమైన కేంద్ర మండలం ఉందని చూపించాడు. ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవు; అవి సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు వెళ్లి అక్కడ ఆగిపోతాయి కాబట్టి బాహ్య కేంద్ర మండలం ద్రవమని తెలిసింది. దానికి నడుమ మరొక అంతర కేంద్ర మండలం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ కనిపెట్టింది.

ఇక్కడొక అపోహను సరిచేయడం అవసరం. నారింజ రంగు లావా సముద్రంపై పలకలు తేలుతున్నట్లు గీసే బొమ్మలు తప్పుదారి పట్టిస్తాయి. భూమి పైపొర అయిన భూపటలానికి కింద ఉన్న మందమైన పొర, అంటే భూప్రావారం గుండా ఎస్ తరంగాలు సాఫీగా వెళుతున్నాయంటేనే అది ఘనరూపంలో ఉన్న రాయి అని అర్థం. రోడ్డు పక్కన వదిలేసిన డ్రమ్ములోని తారు సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది, నెలల తరబడి వదిలేస్తే మెల్లగా బయటికి జారుతుంది. తీవ్రమైన వేడి, ఒత్తిడి కింద భూప్రావారపు రాయి కూడా లక్షల సంవత్సరాల కాలవ్యవధిలో అలాగే ప్రవహిస్తుంది. దానిపై కదిలే పలక అంటే భూపటలం ఒక్కటే కాదు, భూప్రావారపు పైభాగంలోని గట్టి పొర కూడా అందులో భాగమే. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు లోపలికి కుంగుతూ మిగతా పలకను తన వెంట లాగడం ఈ కదలికకు ముఖ్య కారణం.

ఈ కదలికను ఇప్పుడు ఊహించనక్కరలేదు, కొలుస్తున్నారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఉన్న శాశ్వత జీపీఎస్ కేంద్రం ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతున్నట్లు నమోదు చేస్తోంది. సుమారు 6.5 కోట్ల సంవత్సరాల క్రితం భారత పలక ఇంతకు మూడు రెట్లు వేగంగా కదిలేది. దక్షిణ ఖండాలు, భారతదేశం కలిసి ఉన్న ప్రాచీన మహాఖండం గోండ్వానా నుంచి విడిపోయిన ఇతర ఖండ భాగాల మందం 180 నుంచి 300 కిలోమీటర్లు ఉండగా మన పలక మందం కేవలం 100 కిలోమీటర్లేనని, ఆ పలుచదనమే వేగానికి కారణం కావచ్చని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2007లో ప్రతిపాదించింది. సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను ఢీకొన్నాక వేగం తగ్గింది, కానీ ప్రయాణం ఆగలేదు.

మీ రెండవ సందేహానికి సమాధానం ఇక్కడే ఉంది. హిమాలయాల వద్ద ఎదురయ్యే ప్రతిఘటన వల్ల పుట్టే ఒత్తిడి అంచు దగ్గరే ఆగిపోదు, పలక అంతటా వ్యాపిస్తుంది. గోదావరి లోయ మామూలుగా నది కోసిన లోయ కాదు. గోండ్వానా కాలంలో నేల రెండు వైపులా భ్రంశాల (రాయి పగిలి ఒకవైపు భాగం జరిగిన చోట్ల) వెంబడి కుంగడంతో ఏర్పడిన పగులు లోయ. బొగ్గు అంత మందంగా పేరుకున్నదీ, తరవాత చెదిరిపోకుండా మిగిలినదీ ఆ కుంగుబాటు వల్లనే. మేము ఒక బోరులో దొరికిన పొర కోసం పక్క బోరులో చాలా లోతుకు వెళ్లవలసి వచ్చినప్పుడల్లా, మధ్యలో ఒక భ్రంశం ఉన్నట్లు గుర్తించి మ్యాపుపై గీసేవాళ్లం. పలకలోని ఒత్తిడికి ముందుగా లొంగేవి ఇలాంటి పాత బలహీన రేఖలే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వద్ద, 2024లో 5.3 తీవ్రతతో ములుగు వద్ద వచ్చిన భూకంపాలు ఈ లోయ పరిధిలోనివే. ములుగు ప్రకంపనలు హైదరాబాద్‌లో కూడా తెలియడంతో గోదావరి వెంబడి భూమి కొత్తగా చీలుతోందన్న ప్రచారం జరిగింది. అక్కడ కొత్త పలక అంచు ఏదీ ఏర్పడటం లేదు. 25 కోట్ల ఏళ్లకు పూర్వమే ఏర్పడిన పగుళ్లలో ఒకటి ఇప్పటి ఒత్తిడికి కొద్దిగా జరిగింది.