రివాల్వర్ సంగతి తర్వాత, ముందు మీ అక్క సంగతి చూడండి

అనంతపురం జిల్లా నుంచి ఒకాయన రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి ఇస్తున్నాను:

"నా వయసు 48. మా తాత 1950లలో మద్రాసులో కొన్న వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్, పాయింట్ 32 బోర్, మా ఇంట్లో ఉంది. తాత తర్వాత లైసెన్సు నాయన పేరు మీదికి వచ్చింది. అమ్మ ముందే పోయింది, నాయన గత ఏడాది పోయారు. పాత తుపాకులు సేకరించే హైదరాబాదు ఆయన ఒకరు మంచి రేటు ఇస్తానంటున్నారు, అమ్మేయమని అమెరికాలో ఉన్న తమ్ముడి గొడవ. నాకేమో వంశం గుర్తుగా ఉంచుకుని, పాలిష్ పెట్టించి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టాలని ఉంది. ఇంట్లో తుపాకీ వద్దని నా భార్య అంటోంది. ఏం చేయాలన్నా అక్క సంతకం కావాలట. నాయన చివరి నాలుగేళ్లు కడపలో అక్క దగ్గరే ఉన్నారు, రివాల్వర్ కూడా అక్కడే ఉండేది, పెద్దకర్మ రోజు నేను తెచ్చేశాను. పొలం పంచుకున్నప్పుడు ఒక్క మాట అనకుండా సంతకం పెట్టిన అక్క దీనికి మాత్రం పెట్టనంటోంది. 'పొలం తీసుకున్నారు, తీసుకోండి. అది మాత్రం నా బీరువాలోంచి నన్నడగకుండా తీసుకుపోయినావు' అంటోంది. 1990లో పెళ్లయి వెళ్లిపోయిన ఆడమనిషికి రివాల్వర్ ఎందుకు? అమ్మాలా, ఉంచుకోవాలా? అక్కని ఎలా ఒప్పించాలి?"

ముందు అసలు ఆలస్యం చేయకూడని విషయం చెప్తాను. ఆ రివాల్వర్ ఈ రోజు మీ బీరువాలో ఉండకూడదు. లైసెన్సు మనిషికి ఇస్తారు, తుపాకీకి ఇవ్వరు. మీ నాయన పోయాక ఆయన లైసెన్సుతో దాన్ని మీరు ఇంట్లో పెట్టుకునే హక్కు లేదు, కొడుకైనా సరే. ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు. మీరు తాత గుర్తు అనుకుంటున్నారు, రేపు ఎవరో ఒక ఫిర్యాదు ఇస్తే ఎస్సై అలా అనుకోడు. ఒక లాయర్‌కి ఫోన్ చేసి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి తూటాలతో సహా అప్పజెప్పి రసీదు తీసుకోండి. మీ ఆవిడ వద్దన్నది కూడా సరైన మాటే, ఆమెకి ఆ మాట చెప్పండి. హాల్లో అద్దాల పెట్టె ఆలోచన ఇక్కడితో వదిలేయండి. పనిచేసే రివాల్వర్‌ని బొమ్మలా షోకేసులో పెట్టడం కుదరదు, పనిచేయకుండా చేయించి పెడితే దాని విలువే పోతుంది. పాలిష్ కూడా వద్దు, సేకరించేవాళ్లు చూసేది పాత నీలి పూత, దాని మీద ఉన్న, బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి వేసిన ముద్రలు, అవి రుద్దితే పోతాయి.

ఇక అమ్మకం. మీ తమ్ముడు చెప్పిన మంచి రేటు నిజమే అయి ఉంటుంది, 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకోవడం మన దగ్గర దాదాపు ఆగిపోయింది కాబట్టి అంతకు ముందు వచ్చిన వెబ్లీలకి ఇక్కడ గిరాకీ. కానీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి డబ్బు తీసుకుని ఇచ్చేసేది కాదు అది. కొనేవాడి లైసెన్సులో దానికి అనుమతి ఉండాలి, 2019 తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, ఆయన సేకరణ ఎంత పెద్దదో గానీ ముందు ఆ లెక్క చూసుకోమనండి. మామూలుగా లైసెన్సుదారు అమ్మాలన్నా అధికారులకి రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి. మీ దగ్గర లైసెన్సే లేదు. వారసుల్లో ఒకరి పేరు మీదికి రావాలన్నా, డీలర్ ద్వారా పోవాలన్నా మిగిలిన వారసులకి అభ్యంతరం లేదని కాగితం కావాలి. అంటే మీ అక్క.

మీ అసలు ప్రశ్న మీద నేను ఇంతకంటే ఎక్కువ చెప్పను. అమ్మినా ఉంచుకున్నా కొంపలేమీ మునగవు. ఉత్తరమంతా రివాల్వర్ గురించి రాశారు గానీ, మీ అక్క గురించి మీరు రాసింది గట్టిగా నాలుగు వాక్యాలు, నాకు నిద్ర పట్టనివ్వనివి ఆ నాలుగే.

నాయన చివరి నాలుగేళ్లు ఆమె దగ్గరే ఉన్నారు. ఇద్దరు కొడుకులు ఉండగా కూతురి ఇంట్లో ఉన్నారు. మీకు ఇబ్బందులు ఉండొచ్చు, తమ్ముడు దేశంలో లేడు, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఒక ముసలాయన్ని నాలుగేళ్లు చూసుకోవడమంటే ఏమిటో, రాత్రిళ్లు లేవడం, మందులు, ఆస్పత్రి, ఆయన విసుగు, అత్తింటివాళ్ల మాటలు, అల్లుడి ఇంట్లో ఉన్నానని ఆయన పడే చిన్నతనం, ఇవన్నీ మోసింది ఆమె. లైసెన్సు రెన్యువల్‌కి కలెక్టరేట్‌కి ఆయన్ని ఎవరు తీసుకెళ్లారు? 2024 ఎన్నికల ముందు అందరి లాగే స్టేషన్‌లో డిపాజిట్ చేయమన్నప్పుడు ఆయన పక్కన ఎవరు నిలబడ్డారు, ఆ రసీదు ఎవరు దాచారు? మీరు రాయలేదు, కానీ అనంతపురం నుంచి కడప దాకా మీరు వెళ్లలేదని మాత్రం నాకు అర్థమవుతోంది.

ఆ ఇంటికి మీరు పెద్దకర్మ రోజు వెళ్లి, భోజనాలు అయ్యాక, ఆమె బీరువా తెరిచి ఆ వస్తువు తీసుకుని వచ్చేశారు. బీరువా తాళం ఎవరిని అడిగారు? బావనా? ఆ పూట ఆ ఇంట్లో ఎవరు ఏ మనసుతో ఉన్నారో ఒక్కసారి ఆలోచించి ఉంటే ఆ పని చేసేవారు కాదు. తండ్రి చనిపోయి పదిరోజులు దాటిందో లేదో, తమ్ముడు వచ్చి ఆయన వస్తువు ఎత్తుకుపోయాడు. దొంగతనమని నేను అనను, ఆమె కూడా అనలేదు. 'నన్నడగకుండా' అంది, అంతే. మీరు దాన్ని మొండితనం కింద రాశారు.

పొలం విషయం కూడా మాట్లాడుకుందాం, మీరు అడగకపోయినా. మీ అక్క ఒక్క మాట అనకుండా సంతకం పెట్టిందని రాశారు, అది మీకు చాలా సహజంగా అనిపించినట్టుంది. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చేశారు, దేశం మొత్తానికి ఆ చట్టం 2005లో వచ్చింది. మీ అక్క పెళ్లి 1990లో. అంటే ఆమె సంతకం పెట్టింది హక్కు లేక కాదు. మన ఇళ్లల్లో వాటా అడిగిన ఆడపిల్లకి ఆ తర్వాత పుట్టిల్లు ఉండదు, పండక్కి పిలుపు ఉండదు, చీర పెట్టే చేయి ఉండదు, ఆ భయంతోనే లక్షల మంది అక్కలు వాటా వదులుకునే విడుదల పత్రాల మీద సంతకాలు పెడుతున్నారు, అన్నదమ్ములు దాన్ని ప్రేమ అని చెప్పుకుంటున్నారు. ప్రేమే అయితే దానికి బదులు ఇటు నుంచి కూడా ఏదో రావాలి కదా. మీ వైపు నుంచి ఏం వెళ్లింది?

'ఆడమనిషికి రివాల్వర్ ఎందుకు' అని అడిగారు. మీకెందుకో మీరు చెప్పారు, వంశం గుర్తు అన్నారు. అదే కారణం ఆమెకి ఎందుకు ఉండకూడదు? ఆయన మీకు ఎంత తండ్రో ఆమెకీ అంతే. ఆ వెబ్లీకి పక్కన ఉన్న మీట బొటనవేలితో నొక్కితే గొట్టం ముందుకు వాలి, తూటాలు పెట్టే ఆరు గదులూ ఒకేసారి బయటపడతాయి, పాత కుటుంబాల్లో పిల్లలు కళ్లు ఇంతలేసి చేసుకుని చూసేది అదే. దసరాకి ఆయన దాన్ని తుడిచి ఆయుధ పూజలో పెట్టినప్పుడు మీకంటే ముందు పుట్టిన ఆమె అక్కడ లేదా? చట్టంలో కూడా వారసుల్లో కూతురు ఉంది. ఆమె దరఖాస్తు పెట్టుకుంటే అధికారులు కొడుకుల దరఖాస్తు చూసినట్టే చూస్తారు. ఇస్తారా లేదా అనేది వాళ్ల విచారణ, మీరు ముందే కొట్టేయడానికి లేదు.

నాకొక గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. తల్లిదండ్రుల చివరి రోజులు ఎవరు చూశారో వాళ్లకే వాళ్ల వస్తువుల మీద మొదటి మాట ఉండాలి. చట్టం ఇలా చెప్పదు, నేను చెప్తున్నాను. మీకు నచ్చకపోవచ్చు. కానీ మీరు నాకు రాశారు కాబట్టి వినండి.

అక్కని ఎలా ఒప్పించాలో నేను చెప్పను. ఒప్పించే పని పెట్టుకోకండి. డిపాజిట్ రసీదు జేబులో పెట్టుకుని, కాగితాలేమీ తీసుకెళ్లకుండా, మీ ఆవిడతో కలిసి కడపకి వెళ్లండి. తమ్ముణ్ణి ఫోన్‌లో లైన్లోకి తీసుకురాకండి, ముగ్గురి పంచాయితీ అయిపోతుంది అది. రేటు గురించి, హైదరాబాదు ఆయన గురించి ఎత్తకండి. నేను అడక్కుండా తీసుకెళ్లాను, తప్పు నాది అని ఆ ఒక్కటి చెప్పండి, 'కానీ' అనే మాట జోడించకుండా. బావ ముందు చెప్పండి, ఎందుకంటే ఆ రోజు జరిగింది ఆయన ఇంట్లో, ఆయన కూడా ఏదో మింగుకుని ఉంటాడు. ఆమె అరవొచ్చు. నాలుగేళ్ల సంగతులు ఒక్కొక్కటే తీయొచ్చు. తీయనివ్వండి. ఆమె ఏమీ అనకుండా కాఫీ ఇచ్చి పంపేస్తే అది ఇంకా కష్టం, అప్పుడు మళ్లీ వెళ్లాల్సి ఉంటుంది.

పొలం సంగతి ఆ రోజే ఎత్తకండి, రివాల్వర్ కోసం బేరం పెట్టినట్టు ఉంటుంది. కానీ ఇంటికొచ్చాక మీరూ మీ ఆవిడా కూర్చుని మాట్లాడుకోండి. సంతకం అయిపోయిందని మీ దగ్గర ఉన్నది ఇవ్వకూడదని ఎక్కడా లేదు, గిఫ్ట్ డీడ్ రాసి రిజిస్టర్ చేయించవచ్చు. ఎంత అనేది నేను చెప్పేది కాదు. తమ్ముడు ఒప్పుకోకపోతే మీ వాటాలోంచి మీరు ఇవ్వండి.

తర్వాత ఎప్పుడో ఆమె అంతట ఆమే రివాల్వర్ మాట ఎత్తుతుంది. అమ్మేద్దాం అంటుందో, నా పేరు మీద పెట్టుకుంటా అంటుందో, నువ్వే ఉంచుకోరా అంటుందో నాకు తెలియదు. అమ్మేద్దామంటే డీలర్ ద్వారా అమ్మి మూడు సమాన భాగాలు చేయండి, ఇందులో ఆడపిల్ల వాటా అని తక్కువ చేయొద్దు. మీకే ఇస్తానంటే లైసెన్సుకి దరఖాస్తు పెట్టండి, వచ్చాక తాళం వేసే గట్టి లాకర్, తూటాలు వేరే చోట. ఆమె తన పేరు మీద కావాలంటే, అభ్యంతరం లేదని రాసే ఆ కాగితం మీద మొదట మీరు సంతకం పెట్టి, తమ్ముడి చేత పెట్టించే పని కూడా మీరే చూడండి, ఆమెని తిప్పించకండి.