గ్రీన్ బెల్ట్‌కి 30 వేలు కట్టే ముందు వార్డులో ఒక నోట్‌బుక్ మొదలుపెట్టమనండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా నల్గొండలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. పనిలో వృథా, తప్పులు తగ్గించే లీన్, సిక్స్ సిగ్మా పద్ధతులు నేర్చుకుని, గ్రీన్ బెల్ట్ అనే సర్టిఫికెట్ తీసుకుని హాస్పిటల్ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లోకి మారతానంటోంది. ఆన్‌లైన్ కోర్సుకి 30 వేలు, హైదరాబాద్‌లో ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: అన్నా, ఇప్పుడే కట్టకండి. అమ్మాయి ఎంచుకున్న దారి మంచిదే, నర్సులు ఈ పనిలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటా కూడా. కాకపోతే ఆ గ్యారంటీ అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాలి.

సిక్స్ సిగ్మా 1986లో మోటరోలా కంపెనీలో మొదలైంది, పది లక్షల అవకాశాల్లో తప్పులు 3.4 దాటకూడదన్నది దాని లెక్క. లీన్ టొయోటా కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చింది, అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి 2002 నుంచి ఆ పద్ధతిని తన వార్డుల్లోకి తెచ్చుకుని పేరు తెచ్చుకుంది. పద్ధతుల్లో వంక పెట్టడానికేం లేదు. కానీ బెల్టు ఇచ్చే అధికారం ఫలానా సంస్థదే అన్న రూలు ఎక్కడా లేదు, ఎవరైనా అచ్చేసి ఇవ్వొచ్చు. బాగా గుర్తింపున్న ఏఎస్‌క్యూ (అమెరికన్ సొసైటీ ఫర్ క్వాలిటీ) గ్రీన్ బెల్ట్ పరీక్ష రాయాలంటే ఆ పద్ధతులకు సంబంధించిన పనిలో మూడేళ్ల అనుభవం అడుగుతారు, మీ అమ్మాయికి మొత్తం కలిపినా ఇంకా రెండేళ్లే. ఇక నాలుగు వీడియోలు చూపించి ఇచ్చే సర్టిఫికెట్‌కి ఇంటర్వ్యూలో ఎంత విలువ ఉంటుందో మీరే చెప్పండి.

ఇంటర్వ్యూలో అడిగేది వేరే ఉంటుంది: మీ వార్డులో ఏం మార్చారు, మార్చకముందు ఎంత, మార్చాక ఎంత? ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలిగిన అమ్మాయిని పక్కనపెట్టడం కష్టం.

ఆ అంకెలు తను రోజూ నిలబడే చోటే ఉన్నాయి. డిశ్చార్జినే తీసుకోండి. పొద్దున తొమ్మిదింటికి రౌండ్స్‌లో డాక్టర్‌గారు ఇవాళ ఇంటికి పోవచ్చంటారు, పేషెంటు బ్యాగు సర్దుకుని కూర్చుంటాడు, తీరా బయటపడేసరికి సాయంత్రం నాలుగవుతుంది. ఈలోపు ఎమర్జెన్సీలో ఇంకొకరు బెడ్ కోసం స్ట్రెచర్ మీదే ఉంటారు. మీ మిల్లులో డ్రయ్యర్ ఎంత పెద్దదైనా కాటా దగ్గర ట్రాక్టర్లు ఆగిపోతే లాభం లేనట్టే, ఇక్కడ కూడా ఎక్కడో ఒకచోట పని ఆగుతోంది. అదెక్కడో అందరూ ఊహించి చెబుతారు, రాసి చూసినవాళ్లు తక్కువ.

అందుకే అమ్మాయిని నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గర పర్మిషన్ తీసుకుని ఒక నోట్‌బుక్ పెట్టమనండి. ఒక్కో డిశ్చార్జికి ఐదు టైములు: డాక్టర్ చెప్పింది, సమ్మరీ రెడీ అయింది, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లింది, ఫైనల్ బిల్లు వచ్చింది, బెడ్ ఖాళీ అయింది. పేషెంట్ల పేర్లు రాయొద్దు. ఓ 30 డిశ్చార్జీలు రాసేసరికి పెద్ద గ్యాప్ ఎక్కడుందో కనబడుతుంది. ఒకవేళ అది మందుల రిటర్న్ దగ్గరే అని తేలితే, రేపు పంపబోయేవాళ్ల మందులు ముందురోజు సాయంత్రమే లెక్కచూసి పంపే పద్ధతి ఒక్క వార్డులో రెండు వారాలు పెట్టి మళ్లీ అవే టైములు రాయాలి. తగ్గితే కొనసాగించాలి, తగ్గకపోతే ఇంకోటి ప్రయత్నించాలి. దీన్నే పీడీఎస్ఏ అంటారు: ప్లాన్ వేయడం, చేయడం, చూడటం, సరిదిద్దడం. తొందరపాటులో రాత్రి వేయాల్సిన డోసు మందు కూడా రిటర్న్‌లో వెళ్లిపోతోందా అన్నది కూడా పక్కనే రాసుకోవాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఫార్మసీ వాళ్లను, బిల్లింగ్ వాళ్లను తప్పుపట్టే ధోరణి అసలు వద్దు. వాళ్లని కూర్చోబెట్టి మీకెక్కడ ఇబ్బంది అవుతోందని అడిగితేనే పని ముందుకు నడుస్తుంది.

చదువుకోవడానికి ఢిల్లీ ఎయిమ్స్, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి తయారుచేసిన పీఓసీక్యూఐ (వార్డు స్థాయిలోనే నాణ్యత పెంచుకోవడం) పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి, తల్లీబిడ్డల వార్డుల కోసం రాసినవే అయినా పద్ధతి ఎక్కడైనా అదే. వాళ్ల ఆసుపత్రిలో ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే గుర్తింపు) పని నడుస్తుంటే అందులో చేరతానని తనే అడగాలి. సర్కారు ఆసుపత్రులకైతే ఎన్‌క్యూఏఎస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలు ఉన్నాయి, 2017లో లేబర్ రూముల కోసం లక్ష్య అనే కార్యక్రమం వచ్చింది, కాబట్టి స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ వస్తే వదులుకోవద్దు, అక్కడ కూడా ఈ పని ఉంటుంది. తర్వాత పెద్ద చదువు అనుకుంటే హైదరాబాద్ నిమ్స్‌లో హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది.

ఒక్క విషయం అమ్మాయికి సూటిగా చెప్పండి. క్వాలిటీలో మొదటి జీతం ఇప్పటి జీతం కన్నా ఎక్కువే ఉంటుందని అనుకోవద్దు. నైట్ డ్యూటీలు తగ్గొచ్చేమో గానీ ఇన్‌స్పెక్షన్ ముందు వారాల్లో టెన్షన్ బాగానే ఉంటుంది. నైట్లు భరించలేకే మారాలనుకుంటుంటే ముందు డే షిఫ్ట్ ఉండే ఓపీ, డయాలసిస్ లాంటివి చూసుకోవడం నయం. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రెన్యువల్ తప్పనివ్వకండి.

ఇంకో ఏడాది ఆగితే మూడేళ్లు నిండుతాయి, చేతిలో ఒక ప్రాజెక్టు ఉంటుంది, అప్పుడు తన అనుభవం లెక్కలోకి వస్తుందో లేదో కనుక్కుని ఏఎస్‌క్యూ పరీక్ష గురించి ఆలోచించొచ్చు. ఈలోపు ఆ కోర్సు వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే రెండే అడగండి: ప్రాజెక్టు ఏ ఆసుపత్రిలో చేయిస్తారు, దాన్ని దగ్గరుండి చూసేదెవరు? రాసిస్తే ఆ కాగితం నాకు పంపండి, చూసి చెబుతా.