కుర్చీ తలుపు పక్కన వేసుకో బిడ్డా

బిడ్డా,

నువ్వు అమెరికా సైన్యంలో మానసిక ఆరోగ్యం చూసే ఆఫీసర్‌గా చేరుతున్నావని మీ నాయన ఫోన్ చేసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పొద్దున్నే పాలు పోసే అతనికి కూడా చెప్పుకున్నాను, మా తమ్ముడి బిడ్డ ఆఫీసర్ అయితుందని. అయినా ఇంత పని పెట్టుకుని పెద్దనాయనకు ఒక్క మాట చెప్పవా?

సరే. కాగితాలు భద్రం, రోజూ పరుగెత్తు, కొత్త బూట్లతో ట్రైనింగుకు పోకు.

మే 11న మీ కాలేజీలో కమాండర్ చార్లెస్ కీత్ స్ప్రింగిల్ గురించి మాట్లాడతావట. నేనూ చదివాను. నేవీలో సోషల్ వర్కర్, 52 ఏళ్లు, అమెరికాలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో కౌన్సెలింగ్ సెంటర్ నడిపి బాగ్దాద్ పోయాడు. 2009లో అదే రోజు, అక్కడి అమెరికా సైనిక స్థావరం క్యాంప్ లిబర్టీలో, క్లినిక్‌కు చూపించుకోవడానికి వచ్చిన సార్జెంటే ఐదుగురిని కాల్చేశాడు. సైకియాట్రిస్ట్ మేజర్ మాథ్యూ హౌసీల్ కూడా అందులోనే పోయాడు. ఆ సార్జెంట్ తుపాకిని పైవాళ్లు ముందే తీసేసుకున్నారు, అయినా వెంట వచ్చినవాడి దగ్గర గుంజుకున్నాడు. అందుకే చెప్తున్నా, నీ కుర్చీ తలుపు పక్కన వేసుకో. లోపలికి వచ్చినవాడినే కాదు, బయట కూర్చున్నవాడి తుపాకి ఎక్కడుందో కూడా చూడు.

సూర్యాపేట పోతే కర్నల్ సంతోష్ బాబు విగ్రహం దగ్గర ఆగుతాను. గల్వాన్‌లో శత్రువుతో కొట్లాడి పోయాడు, ఊరంతా చెప్పుకుంటుంది. సొంత మనిషి చేతిలో పోయినవాడి గురించి చెప్పాలంటే మాత్రం ఎవరికీ నోరు రాదు. నువ్వు చెప్పు. కానీ అంతా కాల్పుల చుట్టే తిప్పకు, ఆయన చేసిన పని చెప్పు.

నేను ఒక పేరు మర్చిపోయాను బిడ్డా. 1988లో శ్రీలంకలోని జాఫ్నాలో, మన శాంతి సేనతో పోయినప్పుడు నేను నర్సింగ్ అసిస్టెంటుని. ఒక రాత్రి ఒక జవాను వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నిద్ర పడతలేదన్నాడు. బూటు లేసు విప్పుతాడు, మళ్లీ కడతాడు, మళ్లీ విప్పుతాడు. ఏదో చెప్పబోయాడు. పొద్దంతా గాయాలకు కట్లు కట్టీ కట్టీ నా కళ్లు మూతలు పడుతున్నాయి. రెండు గోలీలు చేతిలో పెట్టి, "రేపు రా, మాట్లాడదాం" అన్నాను. తలూపాడు. లేసు సగం కట్టుకునే పోయాడు. తెల్లారేసరికి వాళ్ల కంపెనీ వేరే చోటికి కదిలిపోయింది. ఉన్నాడో లేడో ఇవాళ్టికీ తెలియదు. రిజిస్టర్‌లో అతని పేరు రాసింది నేనే, పక్కన "నిద్రలేమి" అని రాసిందీ నేనే. ఆ మాట గుర్తుంది, పేరు గుర్తు లేదు. మీ పెద్దమ్మకు కూడా ముప్పై ఏళ్లదాకా చెప్పలేదు.

నువ్వు మాత్రం ఎవరినీ రేపు రమ్మనకు. అలసిపోతే అలసిపోయానని చెప్పి, ఇంకొకరి దగ్గర కూర్చోబెట్టి లే. నీకూ అట్లా కూర్చుని చెప్పుకునే మనిషి ఒకరుండాలి. చిన్నప్పుడు చెర్వుగట్టు జాతరలో తప్పిపోయి, దొరికినాక కూడా ఏడవకుండా పిడికిలి బిగించుకున్న పిల్లవు నువ్వు, అదే నా భయం.

సకినాలు పంపుతున్నాం. ఆ రోజు నెమ్మదిగా మాట్లాడు, వీడియో పంపు, నీ ఇంగ్లిష్ నాకు అర్థం కావాలి.

మీ పెద్దనాయన
నల్లగొండ