పుట్టగొడుగునీ నీటికుక్కనీ కలిపే ముందు

తమ్ముడూ,

మన్యంలో పుట్టల మీద లేచే పుట్టగొడుగునీ, కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కనీ పక్కపక్కన పెట్టి నువ్వు రాసిన వ్యాసం నిదానంగా చదివాను. ఎంచుకున్న జత నాకు చాలా నచ్చింది. కానీ మొదటి పేరాలోనే "రెండూ ప్రకృతి అద్భుతాలే, రెండూ అరుదుగా కనిపిస్తాయి" అని కలిపేశావు. ఆ లెక్కన ఏ రెండింటినైనా కలపొచ్చు. ముందు ఒక్కొక్కటీ ఎలా బతుకుతుందో విడిగా రాయి.

పుట్టగొడుగుని నేలలోంచి మొలిచిన మొక్కలా రాశావు. అది మొక్క కాదు. పైకి కనిపించేది మొత్తం జీవీ కాదు. టెర్మిటోమైసిస్ అనే ఈ శిలీంధ్రం చెదపురుగులతో కలిసి బతుకుతుంది. చెదలు ఎండుటాకులూ పుల్లలూ తిని, సగం అరిగిన ఆ ముద్దతో పుట్ట లోపల గుల్లగుల్లగా ఉండే దిమ్మలు కడతాయి. శిలీంధ్రం వాటి మీద పెరుగుతూ, చెదలకి సరిగా అరగని చెక్కపీచుని మెత్తబరుస్తుంది. తర్వాత చెదలు ఆ దిమ్మనే తింటాయి. వానలు పడ్డాక అక్కణ్ణుంచే కాడ మట్టిని తొలుచుకుని పైకొచ్చి గొడుగు విప్పుతుంది. చెట్టుకి కాయ ఎలాగో దీనికి గొడుగు అలాగ. మెల్లగా తవ్వి చూస్తే కాడ వేరులా సన్నబడుతూ చెదల గది దాకా దిగి ఉంటుంది. ఆ కాడని సరిగ్గా చూపించు, నీ విశేషణాల్లో సగం తీసేయొచ్చు. పాల పుట్టగొడుగుల్లా దీన్ని షెడ్డులో పెంచలేకపోతున్నారని కూడా చెప్పు. ఎందుకో పాఠకుడికే అర్థమవుతుంది.

నీటికుక్క సంగతి పూర్తిగా వేరు. 7 నుంచి 11 కిలోల బరువుండే జంతువు, కుటుంబమంతా గుంపుగా తిరుగుతుంది, ఈలల్లాంటి కూతలతో పిలుచుకుంటుంది, చేపల్ని కలిసి తరుముతుంది. ఒడ్డున కొన్ని చోట్లకే మళ్లీ మళ్లీ వచ్చి విసర్జిస్తుంది. ఆ పెంటలో చేప పొలుసులూ ముళ్లూ కనిపిస్తాయి. సర్వేకి వెళ్లేవాళ్లు జంతువు కన్నా ముందు వెతికేది దాన్నే. నువ్వు మాత్రం మెరిసే కళ్ల దగ్గరే ఆగిపోయావు.

ఇప్పుడు పోల్చు. పుట్టగొడుగు చోటు మారదు, దానికోసం కాలం కనిపెట్టుకుని ఉండాలి. నీటికుక్క ఏడాది పొడవునా ఉంటుంది, కానీ ఏ కాలువలో ఉందో వెతుక్కోవాలి. పుట్టగొడుగుకి చెదలతో పొత్తు, నీటికుక్కకి జాలరితో పోటీ. ఒకదాని కోసం మనమే అడవికి వెళ్తాం, ఇంకోదాన్ని వల దగ్గర్నుంచి తరిమేస్తాం. నీ వ్యాసం ఈ తేడాల్లోనే ఉంది, పోలికల్లో లేదు.

వల చిరిగినవాడి నష్టం రాయకుండా నీటికుక్కని ముద్దుగా చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను. వెళ్లి వాళ్లని అడుగు, వాళ్ల కోపాన్ని వాళ్ల మాటల్లోనే రాసుకో. ఇంకొకటి, పుట్టగొడుగుని చూసి గుర్తుపట్టి కోసుకోమన్న ఆ పేరా కొట్టెయ్. అచ్చం అలాగే కనిపించే విషపువి ఉంటాయి, నీ వాక్యం నమ్మి ఎవరైనా వండుకుంటే కష్టం.

తిరగరాశాక పంపించు. ఉంటాను.