స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్‌తో సరిపెట్టుకోవాలా?

ప్రశ్న: మా వారు సైన్యంలో నాయక్‌గా పనిచేస్తూ, ఏడాదిన్నర కిందట కశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర మంచులో గస్తీ తిరుగుతుండగా గుండె ఆగి చనిపోయారు. స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ మంజూరైంది. చివరి జీతమంతా పింఛనుగా రావాలని, ఎక్స్‌గ్రేషియా కూడా రావాలని ఊళ్లోని మాజీ సైనికులు అంటున్నారు. పదో వంతు ఇస్తే అన్నీ చేయించి పెడతానని ఒకాయన తిరుగుతున్నారు. ఎలాగూ డబ్బు వస్తుంది కనుక ఇప్పుడే అప్పు తెచ్చి స్థలం కొందామని మా మరిది పట్టుబడుతున్నారు. నాకు ఆరేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, మీ ఊరి మాజీ సైనికులు చెప్పింది గాలిమాట కాదు. మీకు స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ ఇచ్చారంటేనే ఆ మరణానికి సైనిక సేవే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నట్లు. తేలాల్సిందల్లా రికార్డుల్లో దానిని ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’గా (పోరాట విధుల్లో జరిగిన మరణంగా) రాశారా, ‘ఫిజికల్ క్యాజువాల్టీ’గా (పోరాటంతో సంబంధం లేని మరణంగా) రాశారా అన్నదే. చివరగా లెక్కలోకి తీసుకున్న జీతం 40,000 రూపాయలు అనుకుంటే, స్పెషల్ పెన్షన్ అందులో 60 శాతం, అంటే 24,000 వస్తుంది. బ్యాటిల్ క్యాజువాల్టీగా తేలితే ఇచ్చే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అయితే మొత్తం 40,000 వస్తుంది. తేడా ఏడాదికి 1,92,000, దాని మీద కరువు భృతి అదనం. ఎత్తైన సరిహద్దు స్థావరాల్లో విధి నిర్వహణలో ఉండగా విపరీత వాతావరణం వల్ల చనిపోయినవారి కుటుంబాలకు, నిబంధనలు వర్తిస్తే, కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా 35 లక్షలు. యుద్ధంలో శత్రువు చర్య వల్ల చనిపోతే 45 లక్షలు.

మీ కథకు చాలా దగ్గరగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 3న తీర్పు ఇచ్చింది. జమ్మూ కశ్మీర్‌లో ఉగ్రవాదులపై సైన్యం సాగించే ఆపరేషన్ రక్షక్‌లో భాగంగా నియంత్రణ రేఖ దగ్గర గస్తీకి వెళ్లిన ఒక నాయక్ 2013 జనవరిలో గుండె ఆగి చనిపోగా, మొదట బ్యాటిల్ క్యాజువాల్టీ అని రాసి, తరువాత ఫిజికల్ క్యాజువాల్టీగా మార్చి, ఆయన భార్యకు స్పెషల్ పెన్షన్ మాత్రమే ఇచ్చారు. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2019లో ఆమె పక్షాన తీర్పు ఇస్తే కేంద్రం అప్పీలుకు వెళ్లింది. సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టివేసి, ఆమెను కోర్టుకు లాగినందుకు 50,000 రూపాయల ఖర్చులు కూడా చెల్లించమంది. ఈ తీర్పు మీ అర్జీకి బలమే. అయితే ఆమెకు దాదాపు పన్నెండేళ్లు పట్టిందన్నది కూడా మీ మరిదికి చెప్పండి.

ముందు కాగితాలు చేతికి రావాలి. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (సైన్యం జరిపే అంతర్గత విచారణ) నివేదిక, మరణ సమాచారం పంపిన సిగ్నల్ (సైనిక సందేశం), పోస్ట్‌మార్టం నివేదిక, పింఛను మంజూరు ఉత్తర్వు ప్రతుల కోసం రికార్డ్ ఆఫీసుకు రాయండి. ఇవ్వకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు కింద అడగండి. ఎంక్వైరీ నివేదికలో ముందుగా చివరి పుటలు చూడండి. ఏ ఆపరేషన్ కింద గస్తీకి పంపారు, అప్పటి వాతావరణం ఏమిటి, కమాండింగ్ ఆఫీసర్ అభిప్రాయం ఏమిటి అన్న ఆ నాలుగైదు వాక్యాల మీదే మీ కేసు నిలుస్తుంది. వాటిని జతచేసి మొదటి అప్పీలు పెట్టండి. తిరస్కరణ ఉత్తర్వు అందిన ఆరు నెలల్లోపు పెట్టాలి, గడువు దాటితే ఆలస్యానికి కారణం రాయాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆ తరువాత ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. పింఛను కేసుల్లో ఆలస్యంగా వెళితే పాత బకాయిలను పిటిషన్‌కు ముందు మూడేళ్లకే పరిమితం చేయవచ్చని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, ‘తరువాత చూద్దాం’ అన్న మాటకు కూడా ఖరీదు ఉంది.

పదో వంతు అడుగుతున్న ఆయనకు రూపాయి కూడా ఇవ్వకండి. రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ పోర్టల్ అయిన స్పర్శ్ పాస్‌వర్డ్, ఓటీపీ అసలే చెప్పకండి. ముప్పై అయిదు లక్షల్లో పదో వంతు అంటే మూడున్నర లక్షలు, అదీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉచితంగా రాసిపెట్టే అర్జీకి! లాయరు కావలసి వస్తే, మహిళ అయిన మీకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

ఇక స్థలం సంగతి. నూటికి రెండు రూపాయల వడ్డీకి పదిహేను లక్షలు తెచ్చారనుకోండి, నెల తిరిగేసరికి వడ్డీయే 30,000. పైన చెప్పిన 24,000 పింఛను వడ్డీకే చాలదు, ఇల్లు గడిచేది ఎలా? మరిది గారు మీ మంచి కోరే అంటుండవచ్చు, కానీ మంజూరు కాని డబ్బు మీద ఈ లెక్క ఎటు తిప్పినా కుదరదు. ఆ సొమ్ము మీ ఖాతాలో పడిన రోజున స్థలం గురించి మాట్లాడుకోవచ్చు, రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే జరగాలి. అప్పుడు కూడా మొత్తాన్ని ఒకే బ్యాంకులో ఉంచకండి, ఒక్కో బ్యాంకులో డిపాజిట్ బీమా అయిదు లక్షల వరకే.

పన్ను విషయంలో ఒక్క మాట. ఆపరేషనల్ విధుల్లో చనిపోయిన సైనికుడి కుటుంబ పింఛనుకు, నిర్దేశించిన పరిస్థితుల్లో జరిగిన మరణమని ధ్రువపత్రం ఉంటే, పన్ను మినహాయింపు ఉంది. వర్గీకరణ మారితే దీన్నీ అడగండి. పాపకు పదేళ్లు నిండకముందే సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలి. ఏడాదికి 250 రూపాయలు కట్టినా అది నడుస్తుంది కనుక, దానికి ఎక్స్‌గ్రేషియా కోసం ఎదురుచూడకుండా ఈ నెల పింఛనులోంచే మొదలుపెట్టండి.