ఇరాన్ సినిమాల్లో ముందు ఏది చూడాలి?

ప్రశ్న: మా కాలేజీలో ఒక ఇరాన్ సినిమా వేశారు. ఫైట్లు లేవు, పాటలు లేవు, అయినా సీట్లోంచి కదల్లేకపోయాను. అక్కడ సెన్సార్ చాలా గట్టిగా ఉంటుందంటారు కదండీ, మరి అంత మంచి సినిమాలు ఎలా వస్తున్నాయి? ఇంకేవి చూడాలి?
– డిగ్రీ విద్యార్థిని, గుంతకల్లు

జవాబు: ముందు అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్' చూడమ్మా. కథంతా ఒక నోటుబుక్కు. బడిలో పక్కన కూర్చునేవాడి నోటుబుక్కు అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున ఇంటికి తెచ్చేసుకుంటాడు, హోంవర్కు మళ్లీ అందులో రాసుకురాకపోతే బడి నుంచి పంపించేస్తానని మాస్టారు అప్పటికే ఆ పక్కవాణ్ణి ఏడిపించి ఉన్నాడు. అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఇంటిపనులు పురమాయిస్తూ 'ముందు నీ హోంవర్కు చేసుకో' అంటుందే గానీ వినిపించుకోదు, ఇక అహ్మదే కొండ ఎక్కి పక్క ఊరికి పరుగు. ఆ పరుగు చూస్తుంటే మనకు టెన్షన్ ఆగదు.

సెన్సార్ ఉందనే పిల్లల కథలు తీశారని చాలామంది అంటారు. అది సగమే నిజం. 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత తెర మీద ఆడవాళ్లు సొంత ఇంట్లో ఉన్నా తల మీద గుడ్డ ఉండాల్సిందే, ఆడామగా ఒకరినొకరు తాకకూడదు, కాబట్టి పిల్లల కథలు కొంత తేలికయ్యాయి. కానీ పిల్లల కోసం పుస్తకాలు, సినిమాలు తయారుచేసే 'కానూన్' అనే సంస్థ 1965లోనే పుట్టింది, కియరోస్తమీ తొలి చిన్న సినిమా 1970లో అక్కడే తీశాడు. అంటే ఆ చూపు ముందునుంచే ఉంది.

నిర్బంధం వల్లే మంచి కళ పుడుతుందనే మాట నాకు అస్సలు నచ్చదు. దర్శకుడు జాఫర్ పనాహీకి 2010లో ఆరేళ్ల జైలు శిక్ష వేసి, 20 ఏళ్లు సినిమా తీయకూడదన్నారు. ఆయన ఇంట్లోనే కెమెరా పెట్టుకుని తీశాడు, తానే టాక్సీ నడుపుతూ తీసిన సినిమాకు 2015లో బెర్లిన్‌లో, మరో సినిమాకు 2025లో కాన్‌లో పెద్ద బహుమతులొచ్చాయి. ఆ గొప్పంతా ఆయనది, నిషేధం పెట్టినవాళ్లది కాదు.

ఆ తర్వాత అస్ఘర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' (2011). మతిమరుపు ముసలాయన బట్టలు పాడుచేసుకుంటే, చూసుకోవడానికి వచ్చిన పనిమనిషి, తాను మార్చడం పాపమవుతుందా అని ఫోన్ చేసి కనుక్కుంటుంది. ఆ ఒక్క సీనులో మతం, పేదరికం, జాలి అన్నీ ఉన్నాయి.

తెర మీద మన సీమంటే సుమోలు, బాంబులే అయిపోయాయి. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టి బడికి ఆలస్యమయ్యే పిల్ల కథ ఇక్కడా ఉంది. మీ వయసువాళ్లు ఫోన్‌తోనైనా తీయండమ్మా, నేను చూస్తాను.

ప్రశ్న: ఇరాన్ సినిమాకీ మన తెలుగు సినిమాకీ సంబంధమేమైనా ఉందా?
– రిటైర్డ్ టీచర్, ప్రొద్దుటూరు

జవాబు: ఉంది మాస్టారూ, చాలా దగ్గరి సంబంధమే. 1931లో దేశపు తొలి టాకీ (మాటల సినిమా) 'ఆలం ఆరా' తీసిన బొంబాయి నిర్మాత అర్దెషిర్ ఇరానీయే, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో మన తెలుగు తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) నిర్మించాడు. ఇరాన్ భాష పారశీకంలో తొలి టాకీ 'దొఖ్తరె లోర్' (1933) కూడా ఆయనదే, అబ్దుల్ హొస్సేన్ సెపంతా రాసి, హీరోగా చేశాడు. ఆ సినిమా తీసింది కూడా బొంబాయిలోనే.