హైదరాబాద్ నుంచి ఉత్తరం పంపడానికి ఇప్పుడు ఎంతవుతుంది? స్టాంపుల ధర బాగా పెరిగిందా?

మామూలు ఉత్తరానికి పెద్దగా పెరగలేదు. 20 గ్రాముల లోపు కవరుకు 5 రూపాయల స్టాంపే, 2001 నుంచీ అదే ధర. పోస్టుకార్డు అర్ధరూపాయి, ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర.

భారం పడింది మరోచోట. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అంతకుముందు 5 రూపాయల స్టాంపు, 17 రూపాయల రిజిస్ట్రేషన్, పైన జీఎస్టీ కలిపి 26 రూపాయల్లో పని అయ్యేది. ఆ ఏడాది అక్టోబరు నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టుకు ఊళ్లోనే అయితే 19, ఊరు దాటితే 47, పన్ను అదనం. కోర్టు నోటీసులు, దరఖాస్తులు పంపే సామాన్యుడికి ఇది ఎక్కువే అని నా అభిప్రాయం.

ధరల సంగతి అలా ఉంచితే, ఒకప్పుడు మా చిక్కడపల్లి ఇంట్లో మధ్యాహ్నం సైకిల్ బెల్లు వినపడితే నాయనమ్మ అన్నం ముందునుంచి లేచి వచ్చేది. ఖాకీ బట్టల పోస్ట్‌మ్యాన్‌కు ముందు మంచినీళ్లు, ఆ తర్వాతే ఉత్తరం. ఆమెకు చదువు రాదు. ఆయనే గుమ్మంలో నిలబడి “ఉభయకుశలోపరి” అని మొదలుపెట్టి చివరిదాకా చదివి వినిపించేవాడు. నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖ వస్తే మాత్రం దూరం నుంచే కేకేసేవాడు. దసరాకు ఆయన మామూలు విడిగా తీసిపెట్టేది.

కచ్చితమైన రేటు కావాలంటే, తూకం వేయించుకోవడం మంచిది. అబిడ్స్ జీపీవో కౌంటర్లో వెంటనే చెబుతారు. పిన్‌కోడ్ మాత్రం తప్పకుండా రాయండి.